పన్నెండు నిమిషాలకు కత్తెర

మిషిగన్‌లోని ట్రాయ్ చుట్టూ ఇరవై మైళ్లలో ఏ డాక్టరుకూ ఎవరూ ఇప్పించని రేటు మా డాక్టరమ్మకు నేను ఇప్పించాను. వీడియో కన్సల్టేషన్‌కు ఇరవై నాలుగు డాలర్లు అన్నవాణ్ణి ముప్పై రెండుకు ఎక్కించాను. అంతటితో ఆగానా? ఆ ముప్పై రెండూ పన్నెండు నిమిషాల్లో సంపాదించే ఉపాయం కూడా నేనే కనిపెట్టాను. ఒక్క మనిషికి ఇన్ని తెలివితేటలు మంచివి కావని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. చెప్పినా, ఇలా చెప్పడంలో ఈయనకేం లాభమో అని ఆలోచించి ఉండేదాన్ని.

నేను డాక్టర్ని కాను. పద్నాలుగేళ్లు ఒక చిన్న క్లినిక్‌లో బిల్లింగ్ చేసి రిటైరయ్యాను. డాక్టరు రోగిని చూస్తే, ఆ చూసినదాన్ని ఇన్సూరెన్సు కంపెనీకి అర్థమయ్యే అంకెల్లోకి మార్చి డబ్బు రాబట్టడం నా పని. ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఆంటీ, మీ ఎక్స్‌పీరియెన్స్ నుంచి ఏమైనా టిప్స్?" అంటుంటారు. నా దగ్గర టిప్పులు లేవు. జరిగిన సంగతి ఒకటుంది. అది చెప్తాను. మీకు కావలసింది మీరే ఏరుకోండి.

మాది చీరాలలో బట్టల కొట్టు. నడక వచ్చినప్పటి నుంచి గల్లా పెట్టె పక్కన కూర్చున్నాను. అనుమానం మా ఇంట్లో దుర్గుణం కాదు, చదువు. నోటు ఇస్తే వెలుతురుకు పట్టి చూడాలి. పొగిడితే ఎందుకు పొగిడాడో చూడాలి. ఆ చదువుతోనే అమెరికా వచ్చాను. ఇక్కడి ఇన్సూరెన్సు కంపెనీలను చూశాక మా నాన్న నన్ను సరైన ఉద్యోగానికే పెంచాడనిపించింది.

మా క్లినిక్ రెండు గదులు. ఒక పక్క గోళ్ల రంగుల దుకాణం, ఇంకో పక్క టాక్సులు వేసిపెట్టే ఆఫీసు. డాక్టరమ్మ వరంగల్ అమ్మాయి, నలభై దాటాయి, నన్ను ఆంటీ అనేది. రోగి ఎదురుగా వచ్చి కూర్చుంటే లెక్క సులువు. జబ్బు ఎంత చిక్కుదైతే, ఎంత సేపు పడితే, ఇన్సూరెన్సు అంత ఎక్కువ ఇస్తుంది. వీడియోలో చూడటం మొదలయ్యాక ఒక్కో కంపెనీ ఒక్కో తీరు. ఒకరు పూర్తిగా ఇస్తారు, ఒకరు కోసి ఇస్తారు, ఇంకొకరు మొహం కనపడకుండా ఒట్టి ఫోనులో మాట్లాడితే అసలివ్వమంటారు. తిరిగొచ్చిన బిల్లులు పట్టుకుని సగం రోజు వాళ్ల ఫోను సంగీతం వింటూ కూర్చునేదాన్ని. ఇటు అద్దె పెరిగింది. ఈ ఏడాది గడిస్తే గొప్పే అని డాక్టరమ్మ ఒకరోజు టీ తాగుతూ మామూలుగా అంది. మామూలుగా అన్నదంటేనే నాకు భయమేసింది.

అలాంటప్పుడు ఆ వీడియో కంపెనీ ఫోన్ చేసింది. రోగులను వాళ్లే తెస్తారు, ఇన్సూరెన్సు గొడవ వాళ్లే పడతారు, డాక్టరుకు కాల్‌కింత అని ఇచ్చేస్తారు. మాట్లాడిన కుర్రాడు ఆష్‌బర్న్‌లో ఉంటాడు, తెలుగువాడే.

"ఆంటీ, ట్వెంటీ ఫోర్ మా స్టాండర్డ్ రేట్. అందరికీ సేమ్."

"అందరికీ తెలుగు వచ్చా బాబూ?"

"అంటే..."

"మిషిగన్ లైసెన్సు ఉండి తెలుగు మాట్లాడే డాక్టర్లు మీ లిస్టులో ఎంతమంది?"

కాసేపు కీబోర్డు చప్పుడు. "చెక్ చేసి చెప్తాను ఆంటీ."

"చెక్ చెయ్యక్కర్లేదు. ఉంటే నువ్వు నాకు మూడోసారి ఫోన్ చెయ్యవు. నలభై."

"ఫార్టీ అంటే మా మేనేజర్ నన్ను జాబ్‌లోంచి తీసేస్తాడు ఆంటీ. నేనింకా హెచ్‌వన్ మీదే ఉన్నాను."

"అయితే ముప్పై రెండు. నీ వీసా జోలికి నేను రాను."

"ఓకే ఆంటీ, డన్."

ఆ డన్ అన్న వేగం నాకు నచ్చలేదు. అడగ్గానే ఒప్పుకున్నాడంటే మనం అడగాల్సింది ఇంకేదో ఉందని నాన్న అనేవాడు. కాగితాలు మూడుసార్లు చదివాను. రాసినదాంట్లో ఏ మోసమూ దొరకలేదు. మోసం రాయనిదాంట్లో ఉంది. ఎనిమిది నిమిషాలు మాట్లాడినా ముప్పై రెండే, నలభై నిమిషాలు మాట్లాడినా ముప్పై రెండే. గజానికింత అని కాకుండా మనిషికింత అని రేటు ఒప్పుకున్న బట్టల వ్యాపారిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నా ఫొటో పంపిస్తాను.

మొదటి నెల గంటకు ఇద్దరు రోగులు. మనవాళ్ల కాల్ అంటే తెలుసుగా. బాగున్నారా, మీది వరంగల్లో ఎక్కడమ్మా, మా బావమరిది అక్కడ పనిచేసేవాడు, ఇక్కడ చలి ఎలా ఉందో చూశారా. షుగర్ దగ్గరికి వచ్చేసరికి పది నిమిషాలు. ఈ లెక్కన ముప్పై రెండు డాలర్లు కూలి కూడా కాదు.

అప్పుడే క్లినిక్ ఫోను లిస్టు చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ఒక్కో వీడియో కాల్ అయిపోయిన కాసేపటికి, అదే రోగికి మా ఫోను నుంచి మళ్లీ కాల్ వెళ్తోంది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. కంపెనీ తెచ్చిన రోగులను డాక్టరమ్మ పక్కకు తిప్పుకుంటోందా? నాకు తెలియకుండా ఇంకో దుకాణం పెట్టిందా? వారం రోజులు ఆ నంబర్లన్నీ రాసుకుని, కాగితం మడిచి తీసుకెళ్లి ఆమె బల్ల మీద పెట్టాను.

"డాక్టరమ్మా, ఇవేమిటో చెప్తారా?"

ఆమె చూసి నవ్వింది. "మన పేషెంట్లే గదా ఆంటీ."

"అందుకే అడుగుతున్నా. చూసిన పేషెంటుకి మళ్లీ ఫోనెందుకు?"

"నా మీద డౌటా?"

"నాకు అందరి మీదా ఉంటుంది. మీకని స్పెషల్‌గా లేదు."

"ఆంటీ, మనోళ్లు అసలు మాట ఎప్పుడు చెప్తరో తెల్సా? ఉంటానండీ అన్నంక చెప్తరు. అంతసేపూ షుగర్ గురించి మాట్లాడి, బటన్ నొక్కెటప్పుడు, 'అన్నట్టు డాక్టరమ్మా, మొన్న బాత్రూంల కండ్లు తిరిగి పడ్డ' అంటరు. అప్పటికి ఇంకో పేషెంట్ లైన్ల ఉంటడు. అందుకే మళ్ల చేస్త."

"ఊరికేనా?"

"ఊరికేనే."

దొంగతనమన్నా నేను అంత బాధపడేదాన్ని కాదు. కొట్టువాళ్ల ఇంట్లో పుట్టినదానికి ఊరికే అన్న మాట బూతుతో సమానం.

నిజానికి ఆమె చెప్పింది నాకు కొత్త సంగతి కాదు. కొట్లో గంటసేపు బేరమాడిన మనిషి అసలు రేటు చెప్పేది చెప్పుల్లో కాళ్లు పెట్టి మెట్టు దిగేటప్పుడే. నాన్న మొహం వంక చూసేవాడు కాదు, కాళ్ల వంక చూసేవాడు. ఆ కాళ్లు చూస్తూ పెరిగినదాన్ని, ఆ రోజు మాత్రం ఫోను లిస్టులో నిమిషాలే చూశాను.

కాల్‌కు రెండు వైపులా కత్తెర వేశాను. చివరి వైపు కత్తెర పన్నెండు నిమిషాలది. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో టైము పెట్టే వీలుంది, టైము కాగానే లైను దానంతటదే తెగిపోతుంది. ఎవరైనా మాట మిగుల్చుకుంటే సాయంత్రం అయిదు గంటలకు అందరికీ కలిపి ఫోన్లు. మొదటి వైపు కత్తెర ఒక ప్రశ్న మీద. ప్రతి కాల్ మొదట్లో రోగి ఇప్పుడెక్కడున్నాడో అడిగి ఫారంలో రాయాలి. మా డాక్టరమ్మ లైసెన్సు మిషిగన్‌ది కాబట్టి రోగి మిషిగన్‌లో ఉంటేనే డబ్బు. ఒకాయన వేరే రాష్ట్రంలో, షామ్‌బర్గ్‌లో కూతురింట్లో కూర్చుని ఆ మాట గొప్పగా చెప్పాడు, ముప్పై రెండు డాలర్లు పోయాయి. పైగా ఎక్కడున్నారని అడిగితే మనవాళ్లు ఒక్క ముక్కలో చెప్తారా? ఎందుకు వచ్చారో, ఎవరు తీసుకొచ్చారో కూడా చెప్తారు. అందుకని ఆ గడిలో అందరికీ ముందే 'ఇంట్లో' అని, రిజిస్టరైన అడ్రసుతో సహా నింపి ఉండేలా చేశాను. డాక్టరమ్మ ఒక టిక్కు పెడితే చాలు.

"మనసు ఒప్పుత లేదు ఆంటీ," అంది.

అద్దె పెంచిన ఉత్తరం తీసి ఆమె ముందు పెట్టాను.

"సరే. ఒక్క నెల చూద్దాం."

ఇక్కడ మా నాన్న గురించి ఒక మాట. గుడ్డ కొలిచాక సరిగ్గా గీత మీద కత్తెర వేసేవాడు కాదు. కొన్నవాళ్లకు రెండు వేళ్లు ఎక్కువ వదిలి వేసేవాడు. పన్నెండేళ్ల వయసులో నేను కూర్చుని, ఆ రెండేసి వేళ్లు ఏడాదికి ఎన్ని చీరలవుతాయో లెక్కగట్టి చూపించాను. నాన్న కాగితం అంతా చదివి, "లెక్క కరెక్టే. ఆ రెండు వేళ్లే మనకు అన్నం పెట్టేది," అన్నాడు. ఆయనకు లెక్కలు రావేమోనని అప్పటి నుంచీ నాకొక అనుమానం.

నెల దాటింది. గంటకు నలుగురు రోగులు. అద్దె సమయానికి కట్టేశాం. నేను అరకిలో కాజూ కత్లీ కొని నాకు నేనే తినిపించుకున్నాను. డాక్టరమ్మ ఒక్కటి కూడా తీసుకోలేదు. డైటింగ్ అనుకున్నాను.

అది ఒక గురువారం, పదకొండున్నర దాటింది. లైనులో ఉన్నాయన కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. మాకు పాత పేషెంటు, ఈమధ్యే వీడియోకు మారాడు. నాకు ఇష్టమైన మనిషి, ఎందుకంటే బిల్లు మొదటి అక్షరం నుంచి చివరి సున్నా దాకా చదివేది ఆయనొక్కడే. ఎడమచేతి వాటం. సంతకం ఎడమ చేత్తో పెట్టి, డబ్బు మాత్రం కుడి చేత్తో ఇచ్చేవాడు. "లక్ష్మీదేవిని ఎడం చేత్తో ఇస్తే మీరు రసీదు కూడా ఇవ్వరు," అనేవాడు.

డాక్టరమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"ఆంటీ, కట్టయింది. ఆయన ఏదో చెప్పబోయిండు. 'అన్నట్టు డాక్టరమ్మా, పొద్దుట్నించి ఈ ఎడం' అన్నడు, అంతే, పోయింది. జెర ఫోన్ చెయ్యండి."

"ఎడం మోకాలు. ఏడాదిగా అదే పాట. తర్వాతి పేషెంటు లైన్లో ఉంది, మీరెళ్లండి. నేను చేస్తా."

చేశాను. మోగి మోగి వాయిస్‌మెయిల్‌కు వెళ్లింది. ఈయన కూడా ఊరికే వైద్యం కోసమే చివర్లో మాట దాచాడని మనసులో అనుకున్నాను. రెండోసారి చెయ్యలేదు. అయిదు గంటల లిస్టులో ఆయన పేరు రాసి పెట్టాను.

పన్నెండు నిమిషాల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. "ఎత్తిండా?"

"లేదు."

"ఎన్నిసార్లు చేసిండ్రు?"

"చేశాను," అన్నాను. అంకె చెప్పలేదు.

ఆమె అక్కడే నిలబడిపోయింది. "మాట కూడా కొంచెం ముద్దగ వచ్చింది ఆంటీ. నెట్ మంచిగ లేదనుకున్న." అంటూనే నా బల్ల మీది ఫోను తీసి నైన్ వన్ వన్ నొక్కింది. అడ్రస్ అడిగారు. నా స్క్రీన్ మీద ఫారం తెరిచే ఉంది. ఇంట్లో. చదివి చెప్పింది.

ఆంబులెన్సు వాళ్ల ఇంటికి వెళ్లింది. తలుపు తాళం. కారు లేదు. వాళ్లు తలుపు కొట్టడం, మాకు ఫోన్ చెయ్యడం, మేం పాత ఫైలు తిరగేసి ఆయన భార్య నంబరు వెతకడం. ఆమె ఎత్తేసరికి వెనక ట్రాలీల చప్పుడు, ఎవరో కరివేపాకు ఉందా అని అడుగుతున్నారు.

"ఆయనా? కార్లోనే ఉన్నారు గదండీ, మీ డాక్టరమ్మతోనే మాట్లాడతన్నారు. కాల్ అయ్యాక వస్తానంటే నేను కూరలకి లోపలికొచ్చా. ఏం, ఏమయింది?"

ఇండియన్ స్టోరు పార్కింగ్‌లో ఉన్నాడు. మా క్లినిక్‌కు రెండు సిగ్నళ్ల అవతల. డాక్టరమ్మ ఇంకో ఫోనులో ఆంబులెన్సుకు ఆ స్టోరు పేరు చెప్తోంది. ఈ ఫోనులో ఆయన భార్య పరుగు నాకు వినపడుతోంది. తర్వాత "ఏవండీ" అన్న పిలుపు. మళ్లీ "ఏవండీ". మూడోసారి పిలిచినప్పటి గొంతు గురించి నేనిక్కడ రాయను.

పక్షవాతం. బతికాడు.

మూడో రోజు ఆస్పత్రికి వెళ్లాను. దారి పొడుగునా ఒక వాక్యం తయారు చేసుకున్నాను. 'సిస్టమ్ కట్ చేసిందండీ.' చూశారా ఎంత శుభ్రంగా ఉందో. అబద్ధం కూడా కాదు. ఇలాంటి వాక్యాలు ఇన్సూరెన్సు వాళ్ల నోట ఎన్ని విన్నానో, అవతలివాడు నోరెత్తలేడు.

ఆయన నిద్రలో ఉన్నాడు. దుప్పటి మీద ఎడమ చెయ్యి ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది. భార్య నన్ను వరండాలోకి తీసుకొచ్చింది.

"ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకండి. ఫోను కట్ చేసిందెవరండీ? ఈయనేమో కొట్టు వైఫై పోయిందనుకున్నారంట. మళ్లీ చేద్దామంటే చెయ్యి లేవలేదంట. మా తోడికోడలు అంటంది, వీడియో డాక్టర్లకి బుర్రకింతని ఇస్తారంట, అందుకే తొందరగా తోసేస్తారంట, ఆ డాక్టరమ్మే పెట్టేసి ఉంటది అని. నిజమేనా?"

నా వాక్యం నాలుక చివరే ఉంది. కానీ ఆమె కళ్లలో ఉన్న అనుమానం నాకు బాగా తెలిసిన సరుకు. సిస్టమ్ అంటే ఆమె నమ్మదు. డాక్టరమ్మే చేసిందనుకుంటుంది. తోడికోడలికి చెప్తుంది, తోడికోడలు ఊరికంతా చెప్తుంది. ట్రాయ్‌లో మనవాళ్ల మధ్య ఆ మాట పాకడానికి ఒక్క ఆదివారం చాలు. మళ్లీ మళ్లీ ఊరికే ఫోన్లు చేసిన ఒకే ఒక్క మనిషి మీద ఆ బిల్లు పడుతుంది.

"డాక్టరమ్మ కాదమ్మా. నేను. పన్నెండు నిమిషాలకి లైను తెగేట్టు పెట్టింది నేను. ఆయన ఇంట్లోనే ఉన్నారని ఫారంలో ముందే నింపించింది కూడా నేనే. ఆవిడ ఫోన్ చెయ్యమంటే ఒక్కసారే చేశాను."

"ఎందుకు పెట్టారండీ అట్టా?"

"డబ్బుకి."

తిడుతుందనుకున్నాను. తిడితే తీసుకుందామని నిలబడ్డాను. "ఆయన అంటా ఉండేవారు, ఆ క్లినిక్‌లో బిల్లు రాసే ఆవిడ భలే గట్టి మనిషి అని," అంది. "మెచ్చుకుంటానే అనేవారు." నా చేతిలోని పండ్ల సంచీ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తలుపు వేసుకుంది.

డాక్టరమ్మకు కూడా చెప్పాను, ఒక్కసారే ఫోన్ చేసిన సంగతితో సహా. "నేను గూడ ఒప్పుకున్న గదా ఆంటీ. సగం నాది," అంది. జన్మలో మొదటిసారి ఒక డిస్కౌంటు వద్దన్నాను. ఫారంలో గడి నింపించింది నేనేనని కంపెనీకి రాసి పంపాను. వాళ్ల జవాబు రెండు లైన్లు. ఎమర్జెన్సీకి వెళ్లిన కాల్ పూర్తయిన కాల్ కాదు కాబట్టి ముప్పై రెండు డాలర్లు వెనక్కి తీసుకుంటున్నారు. ఆష్‌బర్న్ కుర్రాడు విడిగా ఫోన్ చేశాడు. "ఐయామ్ సో సారీ ఆంటీ, అది పాలసీ." సరే బాబూ అన్నాను. నేను బేరమాడనందుకు అతనికి అనుమానం వచ్చింది. "ఆంటీ, ఆర్ యూ ఓకే?" అన్నాడు.

ఆ కంపెనీని వదిలేశాం. డాక్టరమ్మ ఒక గది అద్దెకిచ్చేసి రెండో గదిలోనే నెట్టుకొస్తోంది. పాత ఇన్సూరెన్సులు, పాత ఫోను సంగీతం. ఇప్పుడామె కాల్ మొదట్లో, "ఇప్పుడు ఎక్కడున్నరు?" అని అడిగి, అవతలివాళ్లు ఎవరు తీసుకొచ్చారో కూడా చెప్పేదాకా ఆగుతుంది. ఉంటానండీ అన్నాక కెమెరా వంక చూస్తూ కూర్చుంటుంది. ఆ ఏడాది చివర్లో నేను రిటైరయ్యాను. ఆమె పొమ్మనలేదు. ఆ అయిదు గంటల లిస్టు ముందు కూర్చోవడం నాకే చేతకాలేదు.

నేను మానేసే ముందు ఆయన ఒకసారి క్లినిక్‌కు వచ్చాడు. కర్ర పట్టుకుని, భార్య పక్కన. కుడి చేత్తో సంతకం పెట్టాడు. కోడి గీకినట్టుంది. తర్వాత బిల్లు తీసుకుని అలవాటు ప్రకారం మొత్తం చదివాడు.

"ఆ గురువారం కాల్ ఇందులో లేదే?"

"దాని డబ్బు మాకే రాలేదండీ."

"అయితే ఊరికేనన్నమాట," అని ఒక వైపు పెదవితో నవ్వాడు. ఆయన భార్య నవ్వలేదు. నా వంక చూడలేదు కూడా.

బిల్లులు పూర్తిగా చదివే మనిషి కాబట్టి, ఆ రోజు ఆయనకు నేను ఇవ్వని బిల్లు ఇక్కడ రాస్తున్నాను. లైను తెగినప్పటి నుంచి ఆంబులెన్సు ఆయన కారు పక్కన ఆగేదాకా ముప్పై ఆరు నిమిషాలు. డాక్టరమ్మ బయటికి రావడానికీ, ఫోన్ తియ్యడానికీ రెండు నిమిషాలు, ఆంబులెన్సు ఆ పార్కింగ్‌కు చేరడానికి ఎనిమిది. ఈ పదీ ఎవరున్నా, ఎంత మంచివాళ్లున్నా పట్టేవే. తీసేశాను. డాక్టరమ్మను నేను వెనక్కి పంపిన తర్వాతి పేషెంటుకు పన్నెండు. నేను రాయించిన అడ్రసుకు ఆంబులెన్సు వెళ్లడం, తలుపు కొట్టడం, ఆయన భార్య నంబరు వెతకడం, పద్నాలుగు. ఆ నిమిషాలు కలిసొస్తే చెయ్యి దక్కేదా అని ఆస్పత్రి డాక్టర్ని అడిగాను. చెప్పలేమన్నాడు. దక్కేది కాదని కూడా చెప్పలేమన్నాడు. ఆ చెప్పలేనిదాన్ని తగ్గింపు కింద రాసుకోవచ్చు. రాసుకోలేదు.

నా పేరు మీద ఇరవై ఆరు నిమిషాలు.